నర్సమ్మ రాసుకున్న వీలునామా

నేను ఒక వంద రూపాయల స్టాంపు కాగితాన్ని. నెత్తిన సింహాల బొమ్మ, చుట్టూ పూలతీగ అంచు, వెలుతురుకి ఎత్తి చూస్తే కనిపించే నీటి గుర్తు, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు మాత్రం ఎడమ పక్క రెండు కన్నాలు కూడా ఉన్నాయి. వాటిలోంచి తాడు దూర్చి నన్నొక కేసు కట్టలో కట్టేశారు. పై మూల ఎర్ర సిరాతో 'బి-1' అని సాక్ష్యం నంబరు రాశారు. నా మీద ఉన్నది వీలునామా. రాసింది ఒక నర్సమ్మ. పెంచుకున్న కూతురికి ఇల్లు ఇవ్వాలని రాసింది. ఆ ఇల్లు ఏమయిందో చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. సర్కారు ప్రెస్సులో వేలమంది తోబుట్టువులతో పాటు అచ్చయ్యాను. కానీ మమ్మల్ని ఖజానాకి తెచ్చేటప్పుడు పెట్టెకి తాళం, తాళానికి లక్క సీలు, పక్కన తుపాకీ పట్టుకున్న పోలీసు. తెల్లకాగితాలు ఏ లారీలో వస్తాయో ఎవరూ చూడరు. మాకేమో ఇంత మర్యాద. దాంతో నాకు కొంచెం పొగరెక్కింది. నా మీద ఏం రాసినా రాతి మీద రాసినట్టే అనుకున్నాను. మనుషులూ అలాగే అనుకుంటారని తర్వాత తెలిసింది.

బాపట్లలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల పంచ కింద పేరయ్య అనే స్టాంపు వెండరు కూర్చునేవాడు. ఆయన ఇనప్పెట్టెలో ఎనిమిది నెలలున్నాను. నా పైనున్న వాళ్ళు అద్దె అగ్రిమెంట్లకి, పేరు మార్పు అఫిడవిట్లకి వెళ్ళిపోయారు. నా వంతు ఒక మంగళవారం పొద్దున వచ్చింది.

వచ్చినావిడ పేరు రాహేలమ్మ. మిషన్ ఆస్పత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, ఎడమ చేతికి మగవాళ్ళు పెట్టుకునేలాంటి పెద్ద గడియారం. ఆ గడియారం చూస్తూనే ఊళ్ళో సగం మంది నాడి పట్టుకుంది. పేరయ్య నాడి కూడా.

"నర్సమ్మగారూ, మీకేంది స్టాంపు కాగితంతో పని?"

"వీలునామా రాసుకోవాలి పేరయ్యా."

"ఇప్పుడేం తొందరండీ?"

"తొందర నాది కాదు, కడుపులో ఉన్న గడ్డది. వచ్చే నెల గుంటూరులో ఆపరేషను."

పేరయ్య ఇనప్పెట్టె తెరిచాడు. నన్ను బోర్లా తిప్పి నంబరు వేశాడు, తేదీ వేశాడు, ఆవిడ పేరు రాశాడు, 'దేనికొరకు' అన్నచోట 'వీలునామా' అని రాసి ముద్ర కొట్టాడు.

నిజానికి వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు. పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద రాసినా చెల్లుతుంది. అది పేరయ్యకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. కానీ కాగితాలు అమ్మేవాడు కాగితం అక్కర్లేదని ఎందుకు చెబుతాడు? ఆయన అబద్ధమాడలేదు. ఊరుకున్నాడు, అంతే.

రాహేలమ్మ వెనకాల ఒక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి చంకలో మూడేళ్ళ పిల్లనేసుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయి హెప్సిబా. ఇంట్లో హెప్సీ అంటారు. పిల్ల పేరు షారోను. హెప్సీ అదే ఆస్పత్రిలో పుట్టింది. కన్నతల్లి కాన్పు బల్ల మీదే పోయింది. తండ్రి కిందికెళ్ళి టీ తాగొస్తానని చెప్పి మళ్ళీ కనపడలేదు. ఆరు రోజులు చూసి, ఏడో రోజున డ్యూటీ దిగుతూ రాహేలమ్మ ఆ పసిగుడ్డును తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. దత్తత కాగితాలంటూ ఏమీ రాయించలేదు. ఊరంతా చూస్తుండగా పెంచేదానికి కాగితమెందుకు అనుకుంది.

హెప్సీ తొమ్మిదో తరగతిలో ఉండగా రాహేలమ్మ వార్డు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దగ్గర మనిషి కావాలి. ఒక్క ఏడాదే అని హెప్సీ బడి మానేసింది. ఆ ఏడాది మళ్ళీ అయిపోలేదు. తర్వాత స్కూలు వ్యాను నడిపే యోనాతో చర్చిలో పెళ్ళయింది. అందరూ రాహేలమ్మ కట్టుకున్న ఆ రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నారు.

హెప్సీకి అన్నిటికీ భయమే. గ్యాసు కట్టేసి నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి చూస్తుంది. పడుకున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతుందో లేదో చూసుకుంటుంది. అమ్మకి గడ్డ అని తెలిసిన దగ్గర్నుంచి ఆ భయాలన్నీ ఒకచోట చేరాయి. రాహేలమ్మ సొంతవాళ్ళలో మిగిలింది పోయిన అన్న కొడుకొక్కడే, ఇమ్మానియేలు. విజయవాడలో టైల్స్ కొట్టు. అమ్మకేమన్నా అయితే ఇల్లు అతనికి పోతుందని, తనకి రక్తసంబంధం లేదని, పిల్లతో రోడ్డున పడతానని హెప్సీ భయం. అది పిచ్చి భయం కాదు. ఆ ఇంట్లో చట్టం సరిగ్గా తెలిసిన మనిషి ఆ తొమ్మిదో తరగతి పిల్లే.

"అమ్మా, కాగితం కొన్నాం గదా. ఇట్టాగే వకీలు దగ్గరికి కూడా పోదామే" అంది. ఆ బతిమాలడంలోనే ఇద్దరూ మెట్లెక్కారు. నేను ప్లాస్టిక్ కవర్లో, కవరు రాహేలమ్మ సంచిలో.

వకీలు విశ్వనాథం గారి గది జిరాక్సు కొట్టు పైన ఉంది. చెడ్డవాడు కాదు. కాకపోతే రోజంతా అవే ప్రశ్నలు అడిగి అడిగి, అవి ఎక్కడ తగులుతాయో మర్చిపోయిన మనిషి.

"ఇల్లు ఎవరికిద్దామని?"

"మా అమ్మాయికి."

"మీకు పెళ్ళి కాలేదన్నారు?"

"కాలేదండి."

"మరి ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"కూతురవుతుంది."

"కన్నకూతురా? కాదు గదా. దత్తత రాయించారా? మీ క్రైస్తవుల్లో అసలు దత్తతకి చట్టమే... సరే, పెంచుకున్నారు. పెంచుకున్నారనే రాయాలి. లేకపోతే రేపు ఎవరైనా వచ్చి ఈవిడెవరని అడుగుతారు."

మాట తప్పు కాదు. కానీ ఇరవై నాలుగేళ్ళలో హెప్సీ ఎదురుగా ఆ మాట ఎవరూ అనలేదు. వీధిలో గుసగుసగా అన్నవాళ్ళు కూడా రాహేలమ్మ ఎదురొస్తే నోరు మూసుకునేవాళ్ళు. సంచి మీద ఆవిడ చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసింది. నేను లోపల మడత పడబోయాను.

"వస్తానండి" అని లేచింది.

"అమ్మా, మీరే రాసుకున్నా ఫరవాలేదు. సంతకాలు చేసేముందు ఒక్కసారి నాకు చూపించండి. దానికి ఫీజేం అక్కర్లేదు" అని విశ్వనాథం గారు వెనక నుంచి అన్నారు. ఆవిడ అప్పటికే సగం మెట్లు దిగింది.

ఆ ఆదివారం ప్రార్థన అయి, భోజనాలయ్యాక, రాహేలమ్మ నన్ను బల్ల మీద పరిచింది. కేసు షీట్లు రాసి రాసి తిరిగిన చెయ్యి. ఒక్క కొట్టివేత లేదు. యోనా ఫోన్లో ఒక నమూనా వెతికి పెట్టాడు. అందులో అన్నీ ఉన్నాయి: నేను ఫలానా, మంచి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట.

ఇల్లు రాసే చోటికి వచ్చేసరికి కలం ఆగింది.

"పిల్ల పేరున రాయమ్మా" అంది హెప్సీ. "నాదేముంది, షారోను పేరునుంటే నాకు నిద్ర పడుతుంది."

"మనవరాలి పేరున ఎవరన్నా రాస్తారే. కూతురి పేరున రాయడమే నాకు కావాల్సింది. ఆ మెట్ల మీది మనిషి చూడాలి, కూతురని రాశానని."

"ఆయనకి చూపిద్దామా మరి?"

"నన్ను మళ్ళా ఆడికి తీసుకుపోబాకు హెప్సీ."

అలా రాసింది: 'నా ఇల్లు నా కూతురు హెప్సిబాకి.' 'పెంచుకున్న' అన్న మాట ఎక్కడా లేదు. కింద ఇంకో వరస: 'నా చేతి గడియారం మనవరాలు షారోనుకి.' అది ఊరికే ముచ్చటకి రాసింది. షారోను బల్ల కింద కూర్చుని ఆ గడియారం చెవికి ఆనించుకుని వింటోంది మరి.

ఇక సాక్షులు. పాస్టరు గారు ఒంగోలులో ప్రార్థన కూటాలకి వెళ్ళారు. ఎదురింటి టీచరుగారిని పిలుద్దామంటే, సంతకం పెట్టే మనిషి చదవకుండా పెడుతుందా, చదివితే సాయంత్రానికి వీధంతా పాకదా అని రాహేలమ్మ వద్దంది. అప్పుడే పక్కింటి ఆదిలక్ష్మమ్మ కరివేపాకు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఒక మాట వేసింది.

"బయటోళ్ళెందుకు వదినా? మా మావగారు రాసినప్పుడు మా ఆయనే సాక్షి సంతకం పెట్టాడు. పొలం మా ఆయనకే వచ్చింది. ఒక్కడు కుయ్ కయ్ అనలేదు."

ఆవిడ చెప్పింది నిజమే. వాళ్ళ విషయంలో అది చెల్లింది. వాళ్ళు హిందువులు. వీలునామాల చట్టంలో ఒక నియమం ఉంది. ఆస్తి పొందేవాళ్ళు గానీ, వాళ్ళ భార్యో భర్తో గానీ సాక్షి సంతకం పెడితే, వీలునామా ఉంటుంది, వాళ్ళకిచ్చిన ఆస్తి మాత్రం చెల్లకుండా పోతుంది. ఆ నియమం హిందువుల వీలునామాలకి వర్తించదు. క్రైస్తవులకి వర్తిస్తుంది. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. ఒకరి కరివేపాకు ఒకరి కూరలో పడుతుంది. చట్టం మాత్రం ఆ గోడ దగ్గర మారిపోతుంది. ఇది అప్పుడు అక్కడున్న నలుగురిలో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. నా సింహాలకీ తెలీదు.

పైగా చర్చిలో చూసిన అలవాటొకటి. పెళ్ళి రిజిస్టరులో సాక్షులుగా సంతకం పెట్టేది ఎవరు? బాగా దగ్గరివాళ్ళు. హెప్సీ పెళ్ళికి పెళ్ళికూతురి వైపు సంతకం పెట్టింది రాహేలమ్మే.

"నీ పెళ్ళి పుస్తకంలో నేను పెట్టాను గదా సంతకం. నా కాగితం మీద నువ్వు పెట్టు. రెండోది అల్లుడు పెడతాడు" అంది.

హెప్సీ చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుని వచ్చింది. పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం తలకట్టుతో సహా కుదురుగా రాసింది. ఆ పూట ఆ పిల్ల ముఖంలో భయం కనపడలేదు. యోనా పక్కనే వంకరగా ఒకటి గీశాడు. "చూడు, అల్లుడి సంతకం, వ్యాను మలుపు తిరిగినట్టుంది" అని రాహేలమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నేను విన్న ఆఖరి నవ్వు అదే.

నన్ను బీరువాలో, మడతపెట్టిన పాత తెల్ల యూనిఫారం మధ్యలో దాచారు. గంజి వాసన. ఆపరేషను బాగానే అయిందన్నారు. తొమ్మిదో రోజున చీము పట్టి, జ్వరం వచ్చి, రాహేలమ్మ పోయింది. ఆ చేతి గడియారాన్ని ఆస్పత్రివాళ్ళు కవర్లో పెట్టి ఇచ్చారట. హెప్సీ బీరువా తెరిచి దాన్ని నా పక్కన పెట్టింది. టిక్ టిక్ మంటూనే ఉంది.

పోయినవాళ్ళ కోసం ఇంట్లో జరిపే ఆదరణ కూటం రోజున ఇమ్మానియేలు వచ్చాడు. పొడుగ్గా, తెల్ల చొక్కా, మేనత్త పోలికే. ఏడ్చాడు కూడా, దొంగ ఏడుపు కాదు. పాటలయ్యి, అందరూ టీలు తాగి వెళ్ళిపోయాక, హెప్సీ నన్ను బయటికి తీసింది. ఎవరూ అడగలేదు. ఇంత పద్ధతిగా రాసిందని చూపించాలనే.

"బావగారూ, అమ్మ రాసింది చూడండి."

అతను ఆ పిలుపు వినగానే ఒకసారి తలెత్తాడు. "ఎవరికమ్మా బావ?" అన్నాడు, కోపంగా కాదు, పేరు తప్పు పిలిస్తే సరిచేసినట్టు. తర్వాత చదివాడు. కింద సంతకాల దగ్గర కాసేపు ఆగాడు. "ఫోటో తీసుకోనా?" అని ఫోనుతో ముందు ఒకటి, వెనక పేరయ్య ముద్రతో సహా ఒకటి తీసుకున్నాడు. హెప్సీ నన్ను సరిగ్గా పట్టుకుంది, నీడ పడకుండా.

రెండు నెలలకి కోర్టు నోటీసు వచ్చింది. ఇల్లు ఖాళీ చేయమని.

అప్పుడు మళ్ళీ ఆ మెట్లు. ఈసారి సంచి హెప్సీ భుజాన ఉంది. విశ్వనాథం గారు నన్ను చదివి, "ఎవరు రాశారోగానీ ఎంత చక్కగా రాశారు" అన్నారు. ఆ తర్వాత వేలు కిందికి జారింది.

"ఈ సాక్షులెవరు?"

"నేనూ, మా ఆయనా సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, ఈ వీలునామా చెల్లుతుంది. నీకిచ్చింది మాత్రం చెల్లదు. మీరిద్దరూ సంతకం పెట్టడం వల్లే. మీ వీధిలో కూరగాయలు అమ్మే ఆవిడ ఒకతీ, ఇంకెవరో దారినపోయే మనిషి ఒకడూ పెట్టినా ఇల్లు నీదయ్యేది."

"అమ్మ మనసు తెలుస్తుంది గదా సార్, కూతురని రాసింది గదా?"

"తెలుస్తుంది. అందరికీ తెలుస్తుంది. కన్నకూతురివైతే వీలునామా లేకపోయినా ఇల్లు నీదే. పిల్ల పేరున రాసున్నా నిలబడేది, పాప సాక్షి కాదు కాబట్టి."

హెప్సీ కుర్చీ చెయ్యి పట్టుకుంది. పిల్ల పేరున రాయమని ఆ రోజు అన్నది తనే. విశ్వనాథం గారే, "ఆ రోజు నేను ఇంకోలా అడగాల్సింది. మీ అమ్మగారు కూర్చునేవారు" అన్నారు. ఆ మాటకీ ఫీజు లేదు, కానీ ఇప్పుడు దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు.

కేసు మూడున్నరేళ్ళు నడిచింది. నాకు కన్నాలు పొడిచారు, నంబరు వేశారు. ఒకరోజు హెప్సీని బోనెక్కించి నన్ను చూపించారు. అటువైపు వకీలు కుర్రవాడు, గొంతు పెద్దది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదండి."

"ఎవరు పెట్టమన్నారు?"

"అమ్మ పెట్టమంది."

"అమ్మ అంటే?"

హెప్సీ నా వైపు చూసింది. జవాబు నా మీద రాసే ఉంది, రెండో పేరాలో. నేను పైకి చదవలేను. జడ్జిగారు "తర్వాతి ప్రశ్న" అన్నారు.

తీర్పులో నా గురించి మంచి మాటలే ఉన్నాయి. రాత అసలైనదే, సంతకం రాహేలమ్మదే, ఆవిడ తెలివిలో ఉండే రాసింది. ఇంత మెచ్చుకుని, ఇల్లు ఇమ్మానియేలుకి ఇచ్చారు. చివరి వరసలో ఇంకొకటి: వీలునామాలోని చేతి గడియారం మైనరు షారోనుకి చెందుతుంది, ఆ మేరకు వీలునామా చెల్లును.

నేను రాతి మీద రాతలాంటి దాన్నని అనుకున్నాను కదా. తుపాకీ కాపలాతో వచ్చిన నేను, నాలుగు సింహాలు నెత్తిన మోసిన నేను, చివరికి ఒక మనిషికి ఇప్పించగలిగింది చేతి గడియారం.

కోర్టు వసారాలో ఇమ్మానియేలు హెప్సీ దగ్గరికి వచ్చాడు. "మా అత్తంటే నాకూ ప్రేమేనమ్మా. చట్టం నేను రాయలేదు గదా. రెండు నెలలు టైము తీసుకోండి" అన్నాడు. యోనా ఏదో అనబోతే హెప్సీ చెయ్యి పట్టుకుని ఆపింది.

మూడో నెలలో ఆమె ఒక్కతే మళ్ళీ కోర్టుకి వచ్చింది. కాదు, ఒక్కతే కాదు, షారోను కూడా ఉంది. ఏడేళ్ళ పిల్ల. చేతికి ఆ పెద్ద గడియారం. బెల్టుకి కొత్త కన్నం పొడిపించినా జారి మోచేతి దాకా పోతోంది. కాపీల గుమాస్తా ముందు హెప్సీ దరఖాస్తు పెట్టింది. నన్ను ఇవ్వమని.

"అసలుది ఇవ్వరమ్మా. నకలు ఇస్తారు. అయినా కేసు పోయింది గదా, దీంతో ఇంకేం పని?"

"ఒక వరస కావాలండి."

"ఏ వరస?"

హెప్సీ నకలు ఫీజు కౌంటరు మీద పెట్టింది. గుమాస్తా కట్ట విప్పి నన్ను జిరాక్సు మిషను మీద బోర్లా పెట్టాడు. పచ్చటి వెలుతురు ఒకటి నా మీదుగా పాకింది. బయటికొచ్చిన నకలు మీద సింహాలు మసగ్గా, ఎవరో తడిచేత్తో తుడిచినట్టు పడ్డాయి. పూలతీగ అంచు అసలు రాలేదు. చేతిరాత మాత్రం బాగా వచ్చింది.

హెప్సీ దాన్ని కౌంటరు మీదే పరిచి, వేలుతో వరసలు దాటుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "ఇక్కడ చదువు" అంది పిల్లతో.

షారోను కూడబలుక్కుని చదివింది. "నా... ఇల్లు... నా... కూతురు..."

"చాల్లే" అని హెప్సీ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. వాళ్ళెక్కడ అద్దెకుంటున్నారో నాకు తెలీదు. గడియారం చప్పుడు మెట్ల దాకా వినపడిందని నేననుకుంటాను. నిజానికి ఆ గోలలో వినపడి ఉండదు.

గుమాస్తా నన్ను కట్టలో పెట్టి తాడు ముడి వేశాడు. రికార్డు గదిలో కింది అరలో ఉన్నాను. ఇక్కడ చెదలున్నాయి. అవి పక్క కట్టని పూర్తి చేసి ఇటు వస్తున్నాయి. అంచు నుంచి మొదలుపెడతాయట. రెండో పేరా దాకా రావడానికి కొంత కాలం పడుతుంది.